భర్తకు విదేశంలో ఉద్యోగం.. మరి భార్య ఉద్యోగం సంగతేంటి? ఏ దేశంలో ఏ వీసాకు పని హక్కు

బుచ్చయ్యపేట, వడ్డాది, చోడవరం వైపు నికాహ్ సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి గురించి అడగనిది ఉండదు. ఏ కంపెనీ, జీతం ఎన్ని రియాళ్లు, ఉండేది క్యాంపులోనా ఫ్లాట్‌లోనా, ఎన్నేళ్లకు ఓసారి సెలవు, అన్నీ అడుగుతారు. అమ్మాయి బీఎడ్ చేసిందనో, ఎంకాం చదివిందనో, నర్సింగ్ పూర్తయిందనో చెబితే మాషా అల్లాహ్ అంటారు. ఆ చదువుతో అక్కడికి వెళ్లాక ఉద్యోగం చేయనిస్తారా, ఆమె ఏ వీసా మీద వెళ్తోంది అని అడిగేవాళ్లు తక్కువ. వెళ్లిన ఆరు నెలలకు ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న గుర్తొస్తుంది.

ముందు ఒక్క విషయం తెలుసుకోవాలి. ఒక దేశంలో ఉండే హక్కు వేరు, పని చేసే హక్కు వేరు. భర్త మీద ఆధారపడిన వీసా, అంటే డిపెండెంట్ వీసా, చాలా దేశాల్లో మొదటి హక్కే ఇస్తుంది. రెండోది వేరుగా సంపాదించుకోవాలి, లేదా అసలే ఉండదు. భార్య నర్సుగా వెళ్లి భర్తను తీసుకెళ్లే కుటుంబాలకూ ఇదే లెక్క.

సౌదీ

మన కుటుంబాలకు ఎక్కువగా సంబంధం ఉన్న దేశం కాబట్టి దీనితోనే మొదలుపెడదాం. భర్త కఫాలత్ కింద వచ్చిన భార్యను అక్కడ మురాఫిఖ్ అంటారు. వెంట వచ్చిన మనిషి అని అర్థం. ఆ హోదాతో నేరుగా ఉద్యోగంలో చేరడానికి లేదు. కఫాలత్‌ను భర్త నుంచి ఉద్యోగం ఇచ్చే సంస్థకు మార్పించుకోవాలి. లేదా అజీర్ అనే ప్రభుత్వ వ్యవస్థ ద్వారా అనుమతి తీసుకోవాలి. ప్రైవేటు స్కూళ్లలో టీచర్లుగా చేరేవాళ్లకు ఈ రెండో దారి ఉపయోగపడుతుంది. ఇవేవీ లేకుండా ట్యూషన్ సెంటర్‌లోనో, బ్యూటీ పార్లర్‌లోనో చేరితే తనిఖీలో దొరికినప్పుడు జరిమానా, దేశం నుంచి పంపించేయడం దాకా వెళ్తుంది. భర్త ఇఖామాకూ ఇబ్బంది వస్తుంది.

ఇక ఖర్చు. 2017 జులై నుంచి కుటుంబ సభ్యులు ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల ఫీజు పెట్టారు. ఏటా వంద చొప్పున పెంచుతూ 2020 జులైకి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200 రియాళ్లు, ఏడాదికి 14,400. ఇఖామా రెన్యువల్ అప్పుడు ఈ ఫీజు ముందే కట్టాలి. మూడు నాలుగు వేల రియాళ్ల జీతగాడికి ఏడాది ఫీజు దాదాపు నాలుగైదు నెలల జీతం. కామర్స్ చదివిన అలవాటు కొద్దీ నేను కాగితం మీద లెక్క వేసి చూస్తుంటాను. భార్య జీతం లేకుండా ఈ లెక్క కుదరని ఇళ్లే ఎక్కువ. అందుకే చాలామంది కుటుంబాన్ని ఊళ్లోనే ఉంచుతున్నారు.

ఒకటి మాత్రం మారింది. 2018 జూన్ 24 నుంచి అక్కడ ఆడవాళ్లు కారు నడపొచ్చు. డ్యూటీకి వెళ్లడానికి డ్రైవర్ ఖర్చు తప్పిందంటే ఉద్యోగం చేసే భార్యకు అది చిన్న విషయం కాదు.

దుబాయ్, షార్జా, అబుదాబీ

యూఏఈలో దారి కొంచెం సులువు. భార్య రెసిడెన్స్ వీసా భర్త పేరు మీదే ఉంచుకుని, ఉద్యోగం ఇచ్చే కంపెనీ కార్మిక శాఖ నుంచి ఆమెకు వర్క్ పర్మిట్ తీస్తుంది. వీసా మార్చాల్సిన పని లేదు. స్పాన్సర్ నుంచి, అంటే భర్త నుంచి, నిరభ్యంతర పత్రం అడగడం మామూలే. భార్య స్పాన్సర్ చేసిన భర్తలకూ 2019 నుంచి ఇలాంటి పర్మిట్ ఇస్తున్నారు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం కనీసం 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చే వసతి ఉండాలి.

అక్కడి ఉద్యోగ ప్రకటనల్లో 'హజ్బెండ్ వీసా ఉన్నవాళ్లకు ప్రాధాన్యం' అని కనిపిస్తుంటుంది. కారణం మన మీద ప్రేమ కాదు, వీసా ఖర్చు మిగులుతుందని. కొందరు ఇంకో అడుగు ముందుకేసి వీసా ఉంది కదా, పర్మిట్ ఎందుకు, రేపటి నుంచే వచ్చేయ్ అంటారు. ఆ మాట నమ్మొద్దు. పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకున్న యజమానికి 2024లో చేసిన చట్ట సవరణతో జరిమానా లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దాకా ఉంది. కష్టం అతనికొక్కడికే కాదు. పర్మిట్, కాంట్రాక్టు లేని పనికి జీతం ఎగ్గొడితే మీరు ఫిర్యాదు చేయడమూ కష్టమే.

పర్మిట్ ఉంటే మాత్రం భర్త వీసా మీద ఉన్నా హక్కుల్లో తేడా లేదు. ఏడాది సర్వీసు నిండాక గ్రాట్యుటీ వస్తుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం చొప్పున లెక్క కడతారు. ప్రసూతి సెలవు 60 రోజులు, అందులో 45 రోజులు పూర్తి జీతం, 15 రోజులు సగం జీతం. ఒకే పనికి మగవాళ్లతో సమానంగా జీతం ఇవ్వాలని 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం చెబుతోంది.

కువైట్‌లో కుటుంబ వీసాను ఆర్టికల్ 22 అంటారు, ప్రైవేటు ఉద్యోగుల వీసా ఆర్టికల్ 18. మొదటి దాని నుంచి రెండో దానికి మారనిదే కంపెనీలో పని చేయకూడదు. మార్పు నిబంధనలు తరచూ మారుతుంటాయి, కాబట్టి ఏజెంటు మాట మీద కాకుండా ఆ నెలలో ఉన్న నిబంధన చూసుకునే వెళ్లాలి.

అమెరికా

తెలుగువాళ్లలో ఈ సమస్యతో ఎక్కువగా నలిగింది అమెరికా వెళ్లిన ఇళ్లే. భర్తకు హెచ్-1బీ, భార్యకు హెచ్-4. 2015 దాకా హెచ్-4 మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయడానికి వీల్లేదు. చదువుకోవచ్చు, బ్యాంకు ఖాతా తెరవొచ్చు, జీతం మాత్రం తీసుకోకూడదు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టీమ్‌లను నడిపినవాళ్లు, డెంటిస్టులు, లెక్చరర్లు అక్కడ ఏళ్ల తరబడి ఇంట్లో ఉండిపోయారు. 2015 మే 26న నిబంధన మారింది. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 ఆమోదం పొందినా, ఆ ప్రక్రియ వల్ల హెచ్-1బీ ఆరేళ్లు దాటి పొడిగింపు పొందినా, భార్య పని అనుమతి కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. దాన్నే ఈఏడీ అంటారు. 2017 డిసెంబర్ నాటికే మొదటిసారి ఈ అనుమతి పొందినవాళ్లు 90,946 మంది. పదిమందిలో తొమ్మిది మందికి పైగా భారతీయులే, దాదాపు అందరూ ఆడవాళ్లే.

అంటే కొత్తగా హెచ్-1బీ వచ్చిన అబ్బాయిని చేసుకుని వెళ్లే అమ్మాయికి వెళ్లగానే ఈ హక్కు రాదు. ఐ-140 దాకా ఆగాలి. దానికి ఏళ్లు పట్టొచ్చు. సంబంధం మాట్లాడేటప్పుడు 'ఐ-140 అయ్యిందా' అని అడగడం జీతం అడగడం కంటే ముఖ్యం. ఈ నిబంధనను కొట్టేయాలని సేవ్ జాబ్స్ యూఎస్ఏ అనే సంఘం కోర్టుకు వెళ్లింది. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు నిబంధనను సమర్థించింది. ఇప్పటికైతే నిలబడి ఉంది.

కొత్త ఇబ్బంది వేరే వచ్చింది. ఇంతకుముందు కార్డు గడువు ముగిసేలోపు రెన్యువల్‌కు పెట్టుకుంటే, కొత్తది వచ్చేదాకా 540 రోజుల వరకు పాత అనుమతితోనే పని చేసుకునే వీలుండేది. 2025 అక్టోబర్ 30న, ఆ తర్వాత పెట్టిన రెన్యువల్ దరఖాస్తులకు ఆ సౌకర్యం తీసేశారు. కార్డు గడువు అయిపోయిన రోజే ఉద్యోగం ఆగుతుంది. గడువుకు 180 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు కాబట్టి ఆ తేదీని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవడం మంచిది.

ఒకే కంపెనీ తన ఉద్యోగిని ఇండియా ఆఫీసు నుంచి అమెరికా ఆఫీసుకు పంపితే అది ఎల్-1. భార్యది ఎల్-2. వీళ్ల పరిస్థితి చాలా మేలు. 2021 నవంబర్‌లో కోర్టు కేసు రాజీతో, ఎల్-2 భార్యకు విడిగా కార్డు అక్కర్లేదని, ఆ హోదాతోనే పని చేయొచ్చని తేల్చారు. ఐ-94 పత్రంలో ఎల్-2ఎస్ అని ఉంటే అదే రుజువు. కంపెనీ హెచ్-1బీ, ఎల్-1 రెండింటిలో ఏదో ఒకటి అంటే ఇంట్లో ఇద్దరి ఉద్యోగాలూ లెక్కేసి అడగాలి.

వీసా భర్త మీద వేలాడితే ఏమవుతుందో తెలుగువాళ్లందరికీ తెలిసిన ఒక ఘటన చెబుతుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథేలో హైదరాబాద్‌కు చెందిన ఇంజినీర్ శ్రీనివాస్ కూచిభొట్లను ఒకడు కాల్చి చంపాడు. ఇరాన్ వాళ్లనుకుని కాల్చాడని తర్వాత తేలింది. మన పేర్లు, మన రంగు చూసి ఎవడేమనుకుంటాడో అన్న భయం మనకు కొత్త కాదు. ఆయన భార్య సునయన దుమాల అప్పటికి అక్కడే ఉద్యోగం చేస్తున్నారు. భర్త చనిపోవడంతో ఆమె అక్కడ ఉండే హోదా కూడా పోయింది. అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చిన ఆమె తిరిగి తన ఇంటికి, తన ఉద్యోగానికి వెళ్లగలరా లేదా అన్నదే ప్రశ్న అయ్యింది. స్థానిక కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ జోక్యం చేసుకున్నాక తాత్కాలిక అనుమతి దొరికింది. ఆమె కథ దేశమంతా తెలిసింది కాబట్టి ఆ సాయం వచ్చింది. అందరికీ వస్తుందని అనుకోలేం.

అందుకే పని దొరికిన భార్య కుదిరినప్పుడు తన సొంత పేరు మీద వర్క్ వీసాకు మారడం గురించి ఆలోచించాలి. యూఏఈలో భర్త చనిపోయిన లేదా విడాకులైన మహిళకు స్పాన్సర్ లేకుండానే ఏడాది ఉండే వీలు 2018 నుంచి ఉంది. అమెరికాలో భర్త హింస పెడుతుంటే, హెచ్-4 భార్య తన సొంతంగా ఐ-765వీ ఫారంతో పని అనుమతి కోరవచ్చు. ఈ ఫారం సంగతి చాలామందికి తెలియదు.

మిగతా దేశాలు

జర్మనీలో బ్లూకార్డు ఉన్నవారి భార్య లేదా భర్త ఏ ఉద్యోగమైనా చేయొచ్చు, ముందే జర్మన్ భాష పరీక్ష పాసవ్వాల్సిన పని లేదు. ఐర్లాండ్‌లో 2024 మే నుంచి జనరల్ పర్మిట్ వాళ్ల జీవిత భాగస్వాములకూ పని హక్కు ఇచ్చారు. ఆస్ట్రేలియాలో 482 వీసా వాళ్ల భార్యలకు పూర్తి హక్కు ఉంది. జపాన్‌లో అనుమతి తీసుకుని వారానికి 28 గంటలు. సింగపూర్‌లో ఇంతకుముందు సులువుగా ఉండేది. 2021 మే 1 నుంచి డిపెండెంట్ పాస్ వాళ్లు కూడా మామూలు వర్క్ పాస్ తెచ్చుకోవాల్సిందే.

కెనడాలో 2025 జనవరి 21 నుంచి బిగించారు. ఉన్నత నైపుణ్యం ఉన్న ఉద్యోగాలు, ఎంపిక చేసిన కొన్ని రంగాల వాళ్ల భార్యలకే ఓపెన్ వర్క్ పర్మిట్. భర్త పర్మిట్‌లో ఇంకా 16 నెలలు మిగిలి ఉండాలి. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ భార్యకు పని హక్కు ఉంది, కానీ కేర్ వర్కర్లుగా వెళ్లేవాళ్లు 2024 మార్చి 11 నుంచి కుటుంబాన్ని తీసుకెళ్లడానికే లేదు. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. ఇప్పటికీ 'కేర్ వీసా, ఫ్యామిలీతో సహా' అని డబ్బు అడిగే ఏజెంటు అబద్ధం చెబుతున్నట్టే.

ఇక్కడ సిద్ధం చేసుకోవాల్సినవి

అక్కడికి వెళ్లాక ఉద్యోగం దొరికి, సర్టిఫికెట్ అటెస్టేషన్ లేక ఆగిపోవడం మామూలు. డిగ్రీ, బీఎడ్, నర్సింగ్ సర్టిఫికెట్లను రాష్ట్ర స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖ దగ్గర ధ్రువీకరించాలి. సౌదీ 2022 డిసెంబర్ నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి ఎంబసీ చుట్టూ తిరగక్కర్లేదు. యూఏఈకి మాత్రం ఎంబసీ ముద్ర కావాలి. నర్సులకు దీనికి తోడు డేటాఫ్లో పరిశీలన, లైసెన్సు పరీక్ష ఉంటాయి. భార్య ప్రయాణానికి ముందే ఇవి మొదలుపెడితే నెలలు కలిసొస్తాయి.

మన ఇళ్లలో పేర్ల గోల ఇంకోటి. టెన్త్ సర్టిఫికెట్‌లో షేక్ ముందు, పాస్‌పోర్టులో షేక్ చివర, నికాహ్‌నామాలో బేగం, ఆధార్‌లో బీ. నాలుగూ ఒకే మనిషివని అక్కడి క్లర్కుకు ఎవరు చెప్పాలి? టెన్త్ సర్టిఫికెట్ పేరునే అన్నిటికీ ఆధారం చేసుకోండి, ఖాజీ సాబ్‌కు కూడా ఆ స్పెల్లింగే ఇవ్వండి. నికాహ్‌నామాతో ఆగకుండా పెళ్లిని 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్టర్ చేయించండి. మరో చిన్న తేడా: 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడింది. బుచ్చయ్యపేట వాళ్ల పాత కాగితాల్లో విశాఖపట్నం జిల్లా, కొత్తవాటిలో అనకాపల్లి జిల్లా ఉంటుంది. అది తప్పు కాదు, అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండాలి.

టెన్త్ పాసైన అమ్మాయి పాస్‌పోర్టుకు ఈసీఆర్ ముద్ర ఉండదు. టెన్త్ పాసవ్వక ఈసీఆర్ ఉన్న మహిళ 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, వయసు 30 నిండాలి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోమనే సలహా వినకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ప్రభుత్వ సంస్థలు, ఉద్యోగం కోసం వెళ్లేవాళ్లు ముందు అక్కడ అడగొచ్చు.

భార్య ఇక్కడ ప్రభుత్వ టీచరో, సచివాలయ ఉద్యోగో అయితే రాజీనామాకు తొందరపడొద్దు. జీతం లేని సెలవు అడగొచ్చు. అయితే సెలవు మంజూరు కాకుండా ఏడాది దాటినా, సెలవు ఉన్నా వరుసగా ఐదేళ్లు దాటినా రాజీనామా చేసినట్టే లెక్కేస్తారు. ఉత్తర్వు చేతికొచ్చాకే విమానం ఎక్కాలి.

నికాహ్‌నామాలో షరతులు రాసుకోవచ్చన్న సంగతి మన దగ్గర మెహర్ దగ్గరే ఆగిపోయింది. షరియత్‌కు విరుద్ధం కాని షరతు ఏదైనా ఇద్దరి ఒప్పుదలతో రాయించుకోవచ్చు. భార్య చదువు కొనసాగించొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, పని హక్కుకు కావాల్సిన కాగితాల మీద భర్త సంతకం చేస్తాడు అని రెండు లైన్లు రాస్తే తప్పేం లేదు. దుబాయ్‌లో ఆ నిరభ్యంతర పత్రం అడిగిన రోజు ఈ రెండు లైన్ల విలువ తెలుస్తుంది.

బ్యాంకు పని కూడా వెళ్లేముందే చూసుకోవాలి. విదేశంలో స్థిరపడిన భార్య ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. అక్కడి జీతం పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా వేరుగా, తన ఒక్కదాని పేరు మీద తెరుచుకోవచ్చు.