బ్రేక్ ఆయిల్ డబ్బా మీద రెండు మరలు

రాత్రి పదకొండున్నర. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీ, ఇంగ్లండ్ క్లస్టర్ వెనక పార్కింగ్‌లో ఒక బండి చుట్టూ ముగ్గురం నిలబడ్డాం. జులై ఉక్క. పొద్దు గూకి నాలుగు గంటలు దాటినా నేల సెగ చెప్పుల్లోంచి అరికాళ్లకు తగులుతోంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

నా పని ఫోన్ లైటు పట్టుకోవడం. వెలుగంతా హ్యాండిల్‌కు కుడిపక్క, ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద పడుతోంది. దానికి రెండు స్టార్ మరలు. ఒకదాని తలలో నాలుగు గాళ్లు ఇంకా ఉన్నాయి, అంచులు మాత్రం నలిగాయి. రెండోదాంట్లో గుండ్రటి గుంటే మిగిలింది.

"నిన్న రాత్రి నేనే తిప్పిన అన్నా. జారింది. మళ్ల తిప్పిన," అంటున్నాడు బండి కుర్రాడు. జగిత్యాల దగ్గర ఊరు. డెలివరీ బండి. బ్రేకు మెత్తగా పడుతోందని ఆయిల్ మారుద్దామనుకున్నాడు, మూత దగ్గరే ఆగిపోయాడు. పొద్దున పదింటికి మళ్లీ రోడ్డెక్కాలి.

మేస్త్రీది రాయచోటి వైపు. రాస్ అల్ ఖోర్ షెడ్డులో పగలంతా పనిచేసి వచ్చాడు. మరను వేలి గోరుతో తడిమి, లైటు దగ్గరికి రమ్మని నాకు సైగ చేశాడు. తల మీద ఆవగింజలో సగమంత చుక్క.

"ఈ చుక్క చూడబ్బీ. ఇది జపాన్ స్టారు. నువ్వు పెట్టింది వేరే."

1936లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేరున పేటెంటు వచ్చిన స్టార్ ఒకటి. జపాన్ తన జేఐఎస్ ప్రమాణంలో పెట్టుకున్న స్టార్ ఇంకొకటి. చూపుకు కవలలే. కానీ ఫిలిప్స్ డ్రైవర్ మొన జపాన్ మర గాడిలో అడుగుదాకా దిగదు. పైపైన ఆనుకుని, బలం పెట్టగానే ఎగదన్నుకుని బయటికొస్తుంది, వస్తూ వస్తూ గాడిని చెక్కేస్తుంది. కుర్రాడి చేతిలో బలం తక్కువై కాదు, డ్రైవరే తప్పు. ఇది ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎంతమంది తమనే తిట్టుకుంటుంటారో!

మేస్త్రీ ముందు ట్యాంకు మీద తడిగుడ్డ పరిచాడు. బ్రేక్ ఆయిల్ చుక్క పడినా రంగు లేచిపోతుంది. తర్వాత తన డ్రైవర్‌ను మొదటి మరలో నిలువుగా నిలబెట్టి, చిన్న సుత్తితో పిడి మీద టక్ టక్‌మని నాలుగు దెబ్బలు. గట్టిగా కాదు, తలుపు తట్టినంత. ఉక్కు మర, అల్యూమినియం డబ్బా. రెంటి మధ్య తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి గాళ్లలో బిగుసుకుపోతుంది. ఈ దెబ్బలు దాన్ని చిట్లగొట్టడానికి.

"వేడి చేస్తే?" అన్నాను. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుందని చదివాను.

"ఇంజిన్ కేసైతే చేస్తా. ఇక్కడ కింద రబ్బరు, ఆయిలు. అంటుకుంటాది."

అరచేతిని పిడి మీద పెట్టి ఒళ్లంతా దాని మీదికి వంచాడు. బలంలో ముప్పాతిక కిందికి, పాతిక మాత్రం తిప్పడానికి. చిటుక్‌మంది. పుల్ల విరిగినట్టు. నా గుండె ఆగింది. మర విరగలేదు, కదిలింది.

రెండోదానికి గాడే లేదు. వాల్వ్ పేస్టు రాసి చూశాడు, పట్టలేదు. పాడైన మరను పట్టి లాగే ఈజీ అవుట్ చేతికెత్తుకోలేదు. అంత సన్న మరలో అది విరిగితే ఆ గట్టి ఉక్కును డ్రిల్లు కూడా తొలవలేదు. అందుకే సూటిగా డ్రిల్లే తీశాడు. గుంటకు నడుమ బిట్టు పెట్టి నిదానంగా తిప్పుతుంటే వెండి పొట్టు సుడులుగా లేచి తడిగుడ్డ మీద రాలుతోంది. లైటు కదలకుండా రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాను. చటుక్కున మర తల ఉంగరంలా ఊడి బిట్టుకు చుట్టుకుంది. అక్కడితో ఆపాడు. ఇంకో పిసరు దిగితే డబ్బా గాళ్లే పోయేవి.

పొట్టంతా బ్రష్‌తో ఊడ్చి మూత ఎత్తాడు. మొండి నిలబడే ఉంది. బిగువు వదిలింది కదా, ప్లయర్‌తో పట్టి తిప్పితే వెన్నలో పుల్లలా వచ్చేసింది.

రబ్బరు తీస్తే లోపల ఆయిల్ టీ రంగులో ఉంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలి. నీరు పట్టాక ఆ లెక్క 155కు పడిపోతుంది. ట్రాఫిక్‌లో రోజంతా ఆగుతూ సాగే బండికి ఇది చిన్న సంగతి కాదు. సీలు తీయని డబ్బా నుంచి కొత్తది పోశారు. కింద కాలిపర్ దగ్గర సన్న పైపు తగిలించి, లివర్ నొక్కుతూ వదులుతూ పాత ఆయిలంతా సీసాలోకి దించారు. లివర్ గట్టిపడింది.

సాయంత్రం డ్రాగన్ మార్ట్ నుంచి తెచ్చిన ఆలెన్ మరలకు కాస్త గ్రీజు పూశాడు మేస్త్రీ. ఒకటి తను బిగించాడు. ఆలెన్ కీ కుర్రాడి చేతిలో పెట్టాడు.

"రెండు వేళ్లతోనే. పిడికిలి వొద్దు."

కుర్రాడు ఊపిరి బిగబట్టి రెండు వేళ్లతో తిప్పుతున్నాడు. నేను లైటు ఇంకొంచెం దగ్గరికి పెట్టాను.