రెండో టీసీఎస్ - కల్లు కాంపౌండు కథా కమామీషూ

నాదర్‌గుల్ చుట్టుపక్కల టీసీఎస్‌లు రెండు రకాలు. ఒకటి మీ అందరికీ తెలిసిందే, ఆదిభట్లలో ఉన్న అద్దాల మేడ. రెండోది కల్లు దుకాణం. నవ్వకండి, నిజమే. గీత కార్మికుల సహకార సంఘాన్ని ఎక్సైజు వాళ్ళు తమ కాగితాల్లో పొడి అక్షరాల్లో రాసుకునేది టీసీఎస్ అనే. దానికి తోడు టీఎఫ్‌టీ అని ఇంకోటుంది, "ట్రీ ఫర్ టాపర్". అంటే సంఘం గొడవ లేకుండా నేరుగా గీసేవాడి పేరుకే చెట్లు రాసివ్వడం. ఒకటి పర్మనెంటు ఉద్యోగం, ఇంకోటి ఫ్రీలాన్సింగు అనుకోండి, మన భాషలో :)

ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన మిత్రులు అక్కడి డైవ్ బార్ల గురించి తెగ ఊదరగొడుతుంటారు. బోర్డుండదట, లైట్లు సరిగ్గా వెలగవట, రోజూ వచ్చే వాళ్ళకి ఎవరి కుర్చీ వాళ్ళకుంటుందట. 19వ శతాబ్దపు అమెరికాలో మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్ళే సారాకొట్లకి పడిన పేరది. రే ఓల్డెన్‌బర్గ్ అనే సోషియాలజీ పెద్దాయన 1989లో ఒక పుస్తకం రాసి, ఇల్లూ ఆఫీసూ కాక మనిషికి మూడో చోటు ఒకటి కావాలన్నాడు. మనకి అలాంటిది లేదని మావాళ్ళ బాధ. బడంగ్‌పేట దాటి నాదర్‌గుల్ లోపలికి ఓ సాయంత్రం నడిస్తే తెలుస్తుంది ఉందో లేదో. అక్కడ నేలమాళిగలోకి దిగే పని లేదు, చెట్టెక్కడమే. ఎక్కేది మనం కాదు లెండి.

నేను వెళ్ళే దుకాణం పేరూ, సందూ చెప్పను. మ్యాపులో లేదు, ఉండటం వాళ్ళకీ ఇష్టం లేదు. రేకుల షెడ్డు, ప్లాస్టిక్ డబ్బాల్లో సీసాలు, గేటు దగ్గర బోటీ, గుడాలూ అమ్మే ఒక పెద్దమ్మ. సెంట్రింగు మేస్త్రీలు, టైల్స్ వేసే కుర్రాళ్ళు, ఆర్టీసీలో రిటైరైన ఒక తాత, వీళ్ళే రోజూ కనిపించే మొహాలు. ఆడవాళ్ళు కూడా వస్తారు. పొలం పనో, కూలిపనో ముగించుకొచ్చి మొగుడి పక్కనే దర్జాగా కూర్చుంటారు, ఎవరూ వింతగా చూడరు. మన హైటెక్ సిటీ పబ్బుల్లో లేడీస్ నైట్ పెట్టి సాధించే సమానత్వం ఇక్కడ ఎప్పట్నుంచో ఉంది. మొదటిరోజు తాత అడిగింది ఒకటే ప్రశ్న: "ఏ కంపెనీల జేస్తవ్ బిడ్డా?" రెండోరోజు నుంచి నా పేరు "కంపెనీ పిలగాడు". అసలు పేరు ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

సరే, పిడకలవేట ఆపి చరిత్రకొస్తాను. ఈ రేకుల షెడ్డు వెనక పెద్ద కథే ఉంది.

కల్లు మొదట చెట్టు కిందే తాగేవారు. ఆ చోటుని తెలంగాణ పల్లెల్లో కల్లు మండువ అంటారు. గౌడు మోకు కట్టుకుని ఎక్కి, లొట్టి దింపి, తాటాకు దొప్పలో పోస్తాడు. ఏ చెట్టు కల్లు పులుపో, ఏది తీపో తాగేవాడికి తెలుసు. చెట్టుకీ నోటికీ మధ్య ఉన్నది ఒకే మనిషి. నిజాం కాలంలో ఆ మధ్యలోకి సర్కారు వచ్చి కూర్చుంది. ఆబ్కారీ అన్న మాట పారసీలో నీటికి సంబంధించింది, కానీ నిజాం ఖజానాకి అది నికరమైన రాబడి, భూమి శిస్తు తర్వాత చెప్పుకోదగ్గ పెద్ద పద్దుల్లో ఒకటి. దుకాణాలని గుత్తకిచ్చేవారు. పాట పాడుకున్న గుత్తేదారు దొర, చెట్టెక్కిన గౌడు కూలీ. చెట్టుకింత అని పన్ను వేరే. పట్నంలో వీటినే సేందిఖానాలన్నారు. మండువలో మనిషిని చూసి పోసేవాడు, సేందిఖానాలో లెక్క చూసి పోశాడు. మన కాంపౌండుకి ముత్తాత ఈ సేందిఖానాయే, మండువ కాదు.

గుత్తేదారు చేతుల్లోంచి చెట్లని లాక్కోవడానికి గీత కార్మికులు చాలా కొట్లాడారు. ఆ పోరాటంలో ముందు చెప్పుకోవాల్సిన పేరు బొమ్మగాని ధర్మభిక్షం. సూర్యాపేట వైపు కమ్యూనిస్టు, సాయుధ పోరాట కాలం మనిషి, గీత పనివారల సంఘాన్ని నడిపినవాడు. (1996లో నల్లగొండ పార్లమెంటు సీటుకి 480 మంది పోటీ చేసి బ్యాలట్ పేపర్ని పుస్తకం చేశారే, ఆ ఎన్నికలో గెలిచింది ఈయనే.) "దున్నేవాడిదే భూమి" లాగా "గీసేవాడిదే చెట్టు" అన్న వాదంలోంచి వచ్చినవే సొసైటీలు. పైన చెప్పిన రెండో టీసీఎస్ పుట్టుక ఇదన్నమాట. మొదటిదానికంటే దీని ఇంటర్వ్యూ కష్టం, తాడిచెట్టు ఎక్కి చూపించాలి.

తర్వాతి కథ మీకు కొంత తెలిసిందే. దూబగుంట ఆడవాళ్ళ ఉద్యమంతో 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం పెట్టాడు, 1997లో చంద్రబాబు ఎత్తేశాడు. ఈ గొడవంతటిలో కల్లు మీద వేటు పడలేదు. వేటు 2004లో పడింది. హైదరాబాదులో తాటిచెట్లు ఎక్కడున్నాయి, చెట్లు లేని ఊళ్ళో కల్లెక్కడిది, అంటే అమ్ముతున్నది కల్లు కాదు అని వైఎస్ ప్రభుత్వం నగరంలో కాంపౌండ్లన్నీ మూసేసింది. తెలంగాణ వచ్చాక 2014లో కేసీఆర్ మళ్ళీ తెరిపించాడు. వేలాదిమంది గీత కార్మికుల బతుకుతెరువు, మన సంస్కృతి అన్నది ఆయన వాదం. నన్నడిగితే ఇద్దరి మాటా నిజమే. చిక్కంతా అక్కడే వస్తోంది.

చిన్న లెక్క వేద్దాం, మనకి అలవాటైన పనే కదా. ఈత చెట్టుకి రోజుకి రెండు మూడు లీటర్లు వస్తే గొప్ప, అదీ కాలాన్ని బట్టి. గౌడు రోజుకి పదిహేనో ఇరవయ్యో చెట్లెక్కుతాడు. ఒక కాంపౌండులో రోజుకి వెయ్యి లీటర్లు పోతోందనుకోండి, నాలుగొందల చెట్లు కావాలి, ఇరవై పాతిక మంది ఎక్కాలి. పైగా కల్లు ఆగేది కాదు. దింపిన కాసేపట్నుంచే పులుస్తూ పోతుంది, నాలుగైదు శాతం మత్తు దగ్గర ఉంటుంది, మర్నాటికి పుల్లటి నీళ్ళే. డిమాండు వెయ్యి, సప్లై వంద, నిల్వ సున్నా. మిగతా తొమ్మిదొందలు ఎక్కడ్నుంచొస్తాయి? నీళ్ళు, చక్కెర, మత్తుకి క్లోరల్ హైడ్రేట్. అది 19వ శతాబ్దంలో ఆస్పత్రుల్లో నిద్రమందు. దాని తర్వాత డైజిపామ్, ఆ తర్వాత అల్ప్రాజోలం. మందు షాపులో చీటీ లేకుండా ఇవ్వకూడని సరుకు సీసాలో కలిసి వస్తుంది.

దీని సంగతి 2015 సెప్టెంబరులో బయటపడింది. ఎక్సైజు వాళ్ళు కల్తీ మీద గట్టిగా దాడులు చేశారు. సీసాల్లో మందు తగ్గింది. వెంటనే మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆస్పత్రులకి జనం వందల్లో వచ్చారు. మెడలు వంకర్లు, ఫిట్స్, తమలో తాము మాట్లాడుకోవడం. వాళ్ళు ఏళ్ళ తరబడి తాగుతున్నది కల్లని అనుకున్నారు, అలవాటు పడింది మాత్రకి. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులే పోయారు. పోయినవాళ్ళు ఎవరు? రోజూ వచ్చేవాళ్ళు, ఎవరి చోటు వాళ్ళకున్నవాళ్ళు. ఓల్డెన్‌బర్గ్ పుస్తకం రాసింది సరిగ్గా ఇలాంటి వాళ్ళ గురించే.

ఆ వార్త వచ్చిన వారం మా షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆర్టీసీ తాత మాత్రం సీసా పక్కకి జరిపి, "గౌడు ముఖం జూసి తాగాలె బిడ్డా, సీస జూసి కాదు" అన్నాడు. అప్పట్నుంచి నేను పొద్దున్నే ఆరింటికి చెరువు వైపు గీసే అన్న దగ్గరకే వెళ్తున్నాను, వారానికోసారి. ఆయన దిగేదాకా చెట్టు కింద నిలబడతాను. సప్లై చైన్ మొత్తం ఒక తాడిచెట్టంత పొడుగు, ఆడిట్ రెండు కళ్ళతో అయిపోతుంది.

ఆ పనిలో ప్రమాదం చూస్తేగానీ తెలీదు. మోకు జారితే నడుమో ప్రాణమో పోతుంది. 2024 జులైలో రేవంత్ రెడ్డి మన ఇబ్రహీంపట్నం వైపే, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో, కాటమయ్య రక్ష కిట్లు పంచడం మొదలుపెట్టాడు. కాటమయ్య గౌడుల దేవుడు. బెల్టూ, తాళ్ళూ ఉన్న కిట్టు, మంచి పనే. "కిట్టు మంచిగనే ఉంది తమ్మీ, ఎక్కనీకి చెట్టేది?" అన్నాడు అన్న, ఎదురుగా ఉన్న వెంచరు వైపు గడ్డం ఎగరేసి.

చట్టప్రకారం తాటి, ఈత చెట్లు ఎక్సైజు చెట్లు, అనుమతి లేకుండా కొట్టకూడదు. కానీ ప్లాటు హద్దురాళ్ళు పాతడానికి వచ్చిన జేసీబీ ఎవర్నీ అడగదు. ఔటర్ రింగ్ రోడ్డు, ఐటీ, ఏరోస్పేస్ పార్కు వచ్చాక ఇటువైపు గజం ధర ఎక్కడికి పోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఈఎంఐలు కట్టేది మనమే. నేనుండే అపార్టుమెంటు స్థలంలో అన్నవాళ్ళ నాన్న గీసిన చెట్లు పద్నాలుగుండేవట. నేను కూలీవాడి కల్తీ కల్లు గురించి ఎంత రాసినా, ఆ సీసాలో తొమ్మిదొందల లీటర్ల లోటు తెచ్చిన లేఅవుట్లలో నా ఫ్లాటూ ఒకటి.

జీవో 560 అని ఒకటుంది. చెట్లు పెంచుకోవడానికి సొసైటీకి ఊళ్ళో అయిదెకరాలు ఇవ్వాలంటుంది. గీత సంఘాలు ఏళ్ళ తరబడి దాన్ని అమలు చేయమని అడుగుతున్నాయి. ఇటువైపు అయిదెకరాలంటే ఎన్ని కోట్లో లెక్కేసుకోండి. ఇచ్చినా, ఈత గీతకొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది, తాడికైతే పదేళ్ళు దాటుతుంది. అన్న కొడుకు ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్‌లో చేరతానంటున్నాడు. ఏ బ్రాంచి మంచిదని నన్నే అడిగారు. సీఎస్‌ఈ అన్నాను.