గయాశీర్షం నుంచి తిరిగివచ్చిన 500 మంది భిక్షువులు

రాజగృహంలో ఒక ఉపోసథ దినాన భిక్షుసంఘం సమావేశమై ఉండగా దేవదత్తుడు ఆసనం నుంచి లేచి, అభిప్రాయ సేకరణకు ఉపయోగించే శలాకలను పంచాడు. భిక్షువుల జీవనానికి తాను ప్రతిపాదించిన ఐదు నియమాలు సమ్మతమైనవారు శలాకను స్వీకరించాలని కోరాడు. వైశాలి నుంచి వచ్చిన 500 మంది వజ్జి దేశీయులు, ఇదే ధర్మమనీ ఇదే వినయమనీ ఇదే శాస్త ఉపదేశమనీ తలచి వాటిని అందుకున్నారు. దేవదత్తుడు వారిని వెంటబెట్టుకొని గయాశీర్షానికి తరలిపోయాడు. పాళీ వినయపిటకంలోని చుల్లవగ్గం, సంఘభేదక ఖంధకంలో ఈ వృత్తాంతాన్ని నమోదు చేస్తూ ఆ భిక్షువులను గురించి రెండే విశేషాలు చెబుతుంది. వారు కొత్తగా దీక్ష తీసుకున్నవారు. విషయం ఇంకా బాగా తెలియనివారు.

దేవదత్తుని గురించి బౌద్ధ వాఙ్మయం విస్తారంగా చెప్పింది. అతని వెంట నడిచినవారు మాత్రం తరచు ఒక సంఖ్యగానే మిగిలిపోయారు. అపరిపక్వమైన మనస్సు అతివాదానికి ఎలా వశమవుతుంది, దాని నుంచి ఎలా బయటపడుతుంది అని విచారించేవారికి నాయకుని కన్నా ఈ అనుచరులే ముఖ్యులు. ఖంధకం వారిని దుష్టులని గాని లోభులని గాని అనలేదు. దారి తప్పిన తనవారిని ఒక సమాజం ఎలా తిరిగి పొందగలదన్న ప్రశ్నకు ప్రాచీన సంఘం ఇచ్చిన సమాధానం వారి కథలోనే ఉంది.

యువరాజు

ఎవరిని ప్రసన్నం చేసుకుంటే తనకు లాభసత్కారాలు దక్కుతాయని ఆలోచించిన దేవదత్తుడు మొదట మగధ యువరాజు అజాతశత్రువును ఎంచుకున్నాడు. ఆ ఎంపికకు ఖంధకం చూపిన కారణం గమనించదగినది: అజాతశత్రువు తరుణ వయస్కుడు, మంచి భవిష్యత్తు ఉన్నవాడు. దేవదత్తుడు పాములను మొలకు చుట్టుకున్న బాలుని రూపంలో యువరాజు ఒడిలో ప్రత్యక్షమయ్యాడు. యువరాజు భయపడ్డాడు, నిజరూపం చూశాక భక్తుడయ్యాడు. ఉదయం, సాయంత్రం 500 రథాలతో సేవకు వెళ్లసాగాడు.

భయం, విభ్రమం, భక్తి అనే ఈ వరుసలో ఉపదేశానికి చోటు కనిపించదు. అద్భుతం చూసి కలిగిన నమ్మకానికి ప్రశ్నించే అలవాటు లేదు. తరువాత దేవదత్తుడు అతని చెవిలో వేసిన మాట కూడా భయం మీదనే నిలిచింది. పూర్వకాలపు మనుషులు దీర్ఘాయుష్కులనీ, ఇప్పటివారు అల్పాయుష్కులనీ, రాజు కాకముందే మరణించే ప్రమాదం ఉందనీ, కనుక తండ్రిని చంపి రాజ్యం తీసుకోవాలనీ అతడు బోధించాడు. తాను బుద్ధుని చంపి బుద్ధుడవుతానన్నాడు. మిట్టమధ్యాహ్నం తొడకు కత్తి కట్టుకొని అంతఃపురంలో ప్రవేశించిన యువరాజు భయంతో వణుకుతూ అమాత్యులకు పట్టుబడ్డాడు. తాను చేయబోయేది ఏమిటో అతని మనస్సుకు తెలుసుననడానికి ఆ వణుకే సాక్ష్యం. బింబిసారుడు కుమారుణ్ణి శిక్షించక రాజ్యాన్నే అప్పగించాడు. అయినా తండ్రి ప్రాణం దక్కలేదు. ఆ పితృహత్యను అజాతశత్రువు తానే బుద్ధుని ఎదుట ఒప్పుకున్నట్లు దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తం చెబుతున్నది.

ఐదు నియమాలు

సంఘంలోని నవదీక్షితులను ఆకర్షించిన మార్గం వేరు. అక్కడ దేవదత్తుడు అద్భుతాలను గాని అధికారాన్ని గాని చూపలేదు, పవిత్రతను చూపాడు. భిక్షువులు జీవితాంతం అరణ్యంలోనే నివసించాలి, భిక్షాన్నమే తినాలి, పారవేసిన గుడ్డలతో కుట్టిన చీవరాలే ధరించాలి, చెట్టు మొదట్లోనే ఉండాలి, చేపను, మాంసాన్ని ముట్టరాదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా దోషం అంటుతుంది. ఇవీ అతడు కోరిన నియమాలు.

ఈ కోరిక వెనుక ఉన్న సంప్రదింపును కూడా ఖంధకం భద్రపరచింది. సంఘాన్ని చీల్చడం ఎలా సాధ్యమని సహచరుడు కోకాలికుడు సందేహించినప్పుడు, బుద్ధుడు ఈ నియమాలకు అంగీకరించడనీ, ఆ నిరాకరణతోనే జనాన్ని తమ వైపు తిప్పుకోవచ్చుననీ, కాఠిన్యాన్ని చూస్తే మనుషులు ప్రసన్నులవుతారనీ దేవదత్తుడు వివరించాడు. అంటే ఆ విన్నపం తిరస్కరణ కోసమే రూపొందింది. బుద్ధుడు కాదన్నప్పుడు దేవదత్తుడు దుఃఖించలేదు, సంతోషించాడు.

బుద్ధుని సమాధానం నిజానికి పూర్తి నిరాకరణ కాదు. ఇష్టమైనవారు అరణ్యంలో ఉండవచ్చు, ఇష్టమైనవారు గ్రామ సమీపంలో ఉండవచ్చు. చెట్టు మొదట నివాసం వర్షాకాలం మినహా 8 నెలలు అనుమతించబడింది. తన కోసం చంపినట్లు చూడని, వినని, అనుమానించని మాంసం అభ్యంతరకరం కాదు. కఠిన వ్రతాన్ని ఆయన నిషేధించలేదు; దానిని అందరి మీదా విధించడానికి మాత్రం అంగీకరించలేదు.

దేవదత్తుని వాదం వినడానికి సక్రమంగానే ఉంటుంది. శాస్త అల్పేచ్ఛను ప్రశంసించాడు. ఈ నియమాలు అల్పేచ్ఛకు తోడ్పడతాయి. ఈ రెండు మాటలూ నిజమే. వీటిని పాటించనివాడు దోషి అనే మూడవ మాట ఆ రెండింటి నుంచి పుట్టదు. మేలైనది కనుక తప్పనిసరి, తప్పనిసరి కనుక పాటించనివాడు పతితుడు అనే జారుడు మెట్ల మీదనే అతివాదం నడుస్తుంది. రాజగృహ ప్రజలలో కూడా కొందరు ఆ మెట్ల మీద జారారు. దేవదత్తుని పక్షం తపస్వులదనీ, గౌతముడు సుఖలాలసుడనీ వారు చెప్పుకున్నారు.

వైశాలి భిక్షువులు

ఈ జారుడును కొత్తవారు ఎందుకు గమనించలేకపోయారు? వినయ సంప్రదాయంలోనే దీనికి సమాధానం ఉంది. సమర్థుడైన భిక్షువు సైతం దీక్షానంతరం 5 సంవత్సరాలు ఆచార్యుని ఆశ్రయంలో ఉండాలని మహావగ్గం నిర్దేశిస్తుంది. పాళీలో నిస్సయం అనే ఈ ఏర్పాటు కొత్తవారిని అణచి ఉంచడానికి వచ్చింది కాదు. ఏది మూల నియమమో, ఏది ఐచ్ఛిక వ్రతమో, ఏది దేశకాలాలను బట్టి కల్పించిన సడలింపో తెలుసుకోవడానికి వ్యవధి కావాలి. ఆ కొలమానం చేతికి రాకముందు కఠినమైనదే స్వచ్ఛమైనదిగా తోస్తుంది. ఇల్లు వదలి వచ్చినవాని ఉత్సాహం మధ్యేమార్గాన్ని రాజీగా భావించడం సహజం. వారి లోపం శ్రద్ధ లేకపోవడం కాదు. శ్రద్ధకు తోడు ఉండవలసిన పరిజ్ఞానం లేకపోవడం.

శలాక స్వీకరించిన సందర్భం కూడా విచారణకు అనుకూలమైనది కాదు. అది నిండు సభ. పుల్లను తీసుకోవడం, తీసుకోకపోవడం అనే రెండు మార్గాలే ఉన్నాయి. నిర్ణయం ఆ క్షణంలోనే జరగాలి. సభలో ఎవరైనా ప్రశ్న అడిగినట్లు ఖంధకం చెప్పదు.

ఏడ్చిన భిక్షువు

కొత్తవారి పట్ల కరుణతో వెళ్లి వారిని కాపాడమని బుద్ధుడు శారిపుత్ర మౌద్గల్యాయనులను కోరాడు. వారు గయాశీర్షం వైపు బయలుదేరినప్పుడు ఒక భిక్షువు బుద్ధుని సమీపంలో నిలిచి ఏడ్చాడు. అగ్రశ్రావకులు కూడా దేవదత్తుని పక్షం చేరుతున్నారని అతడు భావించాడు. దేవదత్తుడూ అదే భావించి ఆనందంతో వారికి ఆసనం చూపాడు. ఎదుటి పక్షంతో మాట్లాడటానికి వెళ్లినవారిని తనవారే శంకించడం ఆనాడూ ఉన్నదే.

దేవదత్తుడు రాత్రి చాలాసేపు ఉపదేశించి, వెన్ను నొప్పిగా ఉన్నదని శారిపుత్రునికి ఆ బాధ్యత అప్పగించి నిద్రపోయాడు. అప్పుడు శారిపుత్రుడు శ్రోతల చిత్తాన్ని ఎరిగి చెప్పే ప్రాతిహార్యంతోను, మౌద్గల్యాయనుడు ఋద్ధి ప్రాతిహార్యంతోను బోధించారని గ్రంథం చెబుతుంది. రెండు చోట్లా అనుశాసనం, అంటే ఉపదేశం, ప్రాతిహార్యంతో కలిసే ఉన్నది. అజాతశత్రువు ఒడిలో కనిపించిన బాలునికీ దీనికీ భేదం ఇక్కడే ఉంది. అద్భుతం అక్కడ ఆలోచనను ఆపింది. ఇక్కడ ఉపదేశం వైపు నడిపింది. పుట్టే స్వభావం కలది ఏదైనా నశించే స్వభావం కలదే అన్న ధర్మదృష్టి ఆ భిక్షువులకు కలిగింది. శారిపుత్ర మౌద్గల్యాయనులు వారిని నిందించినట్లు గాని, నాయకుణ్ణి దూషించినట్లు గాని ఖంధకంలో లేదు. ధర్మం విన్నాక వారు శారిపుత్ర మౌద్గల్యాయనుల వెంట వేణువనానికి నడిచారు.

విచారణకు కొలమానం

ఆ 500 మందికి శలాక అందుకునే ముందు అవసరమైన విచారణ ఎటువంటిదో అంగుత్తర నికాయంలోని కాలామ సుత్తంలో కనిపిస్తుంది. కేసపుత్త వాసులైన కాలాములు పరస్పర విరుద్ధమైన బోధలు విని సందేహంలో పడ్డారు. సందేహించదగిన చోటనే సందేహించారని బుద్ధుడు వారిని మెచ్చుకున్నాడు. వినికిడి, పరంపర, గ్రంథప్రామాణ్యం, వక్త యోగ్యత, గురువన్న గౌరవం మొదలైన వాటి ఆధారంగా మాత్రమే దేనినీ అంగీకరించవద్దన్నాడు. ఆ పట్టికలో తర్కం, అనుమానం కూడా ఉన్నాయన్న సంగతిని చాలామంది పాఠకులు దాటిపోతారు. దేవదత్తుని ఐదు నియమాలే దానికి ఉదాహరణ: వాక్యాల అల్లిక చక్కగా ఉన్నా వాదం కీడు వైపు నడవవచ్చు. కనుక కాలాములకు బుద్ధుడిచ్చిన పరీక్ష ఫలితాన్ని, ప్రేరణను చూడమంటుంది. ఈ బోధ లోభాన్ని, ద్వేషాన్ని, మోహాన్ని పెంచుతున్నదా తగ్గిస్తున్నదా? విజ్ఞులు దీనిని నిందిస్తారా ప్రశంసిస్తారా? ఆచరిస్తే హితమా, అహితమా? మజ్ఝిమ నికాయంలోని వీమంసక సుత్తం మరొక అడుగు వేసి, తథాగతుని నడవడిని సైతం పరీక్షించే స్వేచ్ఛను శిష్యునికిస్తుంది. తనను పరీక్షించమని చెప్పే గురువుకూ, వెంటనే శలాక తీసుకోమనే గురువుకూ గల తేడాను గుర్తించగలగడమే ఇక్కడ వివేచన.

తిరిగివచ్చినవారి స్థానం

భిక్షువులు వేణువనం చేరాక శారిపుత్రుడు ఒక ప్రతిపాదన చేశాడు. సంఘభేదకుని అనుసరించిన వీరికి మళ్లీ ఉపసంపద ఇవ్వాలన్నాడు. బుద్ధుడు ఆ ఆలోచన వద్దన్నాడు. వారు థుల్లచ్చయం అనే దోషాన్ని ఒప్పుకుంటే చాలునన్నాడు. అది ఇతరుల ఎదుట చెప్పుకొని తీర్చుకోగలిగిన దోషం. వారి దీక్ష రద్దు కాలేదు. జరిగినది తప్పు కాదని కూడా ఎవరూ అనలేదు. తప్పును తప్పుగా చెప్పించి, మనిషిని సంఘంలో నిలుపుకొన్న నిర్ణయమిది.

నాయకుల విషయంలోనూ ఖంధకం ఒక భేదం పాటిస్తుంది. ఉపాలి అడిగిన ప్రశ్నలకు సమాధానంగా, అధర్మమని తెలిసీ ధర్మమని చెప్పి సంఘాన్ని చీల్చినవానికీ, ధర్మమేనని నిజంగా నమ్మి ఆ పని చేసినవానికీ గతి ఒకటి కాదని బుద్ధుడు వివరించాడు. మోసగించినవాడు, మోసపోయినవాడు ఒకే శిక్షకు పాత్రులు కారన్న న్యాయసూత్రమిది.

శాసనాలు, శిల్పాలు

చరిత్రకారుడు ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాలి. ఖంధకం సంఘంలో నిలిచిన పక్షం చెప్పిన కథ. ఐదు నియమాల పట్టిక కూడా అన్ని వినయాలలో ఒకటి కాదు. మూలసర్వాస్తివాద వినయంలో పాలు, పెరుగు, ఉప్పు వంటి వాటి నిషేధం కనిపిస్తుంది. 5వ శతాబ్ది ఆరంభంలో భారతదేశానికి వచ్చిన ఫాహియాన్ శ్రావస్తి ప్రాంతంలో దేవదత్తుని అనుయాయులను గురించి రాశాడు. వారు పూర్వబుద్ధులను పూజించేవారు, శాక్యముని బుద్ధుని మాత్రం పూజించేవారు కాదు. 7వ శతాబ్దిలో హ్యూయన్‌త్సాంగ్ బెంగాల్‌లోని కర్ణసువర్ణంలో దేవదత్తుని బోధను అనుసరించి పాల పదార్థాలు ముట్టని మూడు విహారాలను పేర్కొన్నాడు. వెయ్యేళ్లు నిలిచిన సంప్రదాయాన్ని ఒక వ్యక్తి దురాశతోనే వివరించడం కష్టం. దేవదత్తుని మనోగతాన్ని గురించిన మాటల కన్నా, అనుచరుల విషయంలో సంఘం చేసుకున్న వినయ నిర్ణయం చరిత్రకారునికి గట్టి ఆధారం.

క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకుడు సంఘభేదాన్ని గురించి వేయించిన శాసనాలు సారనాథ్‌లోను, సాంచిలోను, నేడు ప్రయాగ్‌రాజ్ కోటలో ఉన్న స్తంభం మీదా లభిస్తున్నాయి. సంఘాన్ని చీల్చినవారికి తెల్లబట్టలు కట్టించి విహారం వెలుపల ఉంచాలన్నదే అందులోని దండన. సామ్రాట్టు ఆజ్ఞ అయినా అది దేహదండన కాలేదు.

శిల్పులు ఈ కథాచక్రం నుంచి ఎంచుకున్న ఘట్టాలు కూడా ఆలోచింపజేస్తాయి. భార్హుత్ స్తంభం మీద అజాతశత్రువు బుద్ధునికి నమస్కరిస్తున్నాడని తెలిపే లేఖనంతో కూడిన శిల్పం నేడు కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో ఉన్నది. దేవదత్తుని ప్రేరణతో బుద్ధుని మీదికి వదిలిన నలగిరి ఏనుగు కథ అమరావతి స్తూపపు వృత్తఫలకంలో ఉన్నది. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోని ఆ ఫలకంలో ఒక వైపు ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతుంటే, మరొక వైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల దగ్గర మోకరిల్లింది. ఈ రెండు చోట్లా శిల్పి చూపినది దారి మళ్లినవాని వినాశనాన్ని కాదు, అతని మరలింపును.

గయాశీర్షం నుంచి వచ్చిన 500 మందికి శిల్పం ఉన్నా లేకపోయినా, వారి కోసం చేసిన నిర్ణయం వినయంలో నిలిచి ఉన్నది. నేటి విహారాలలోను, విద్యాలయాలలోను కొత్తగా చేరిన యువకుడు ఏదైనా కఠిన సిద్ధాంతం వైపు ఆకర్షితుడైనప్పుడు పెద్దలు వేసుకోవలసిన ప్రశ్నలు ఆ కథలోనే ఉన్నాయి. అతనికి ప్రశ్నించే వ్యవధి, దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పే ఆచార్యుడు ముందుగా దొరికారా? అతడు వెళ్లిపోయాక, తమవారు శంకించినా సరే, గయాశీర్షం దాకా నడిచి వెళ్లగలిగినవారు ఉన్నారా? అతడు తిరిగివస్తే, దోషాన్ని ఒప్పుకొన్న తరువాత తన పాత స్థానంలో కూర్చోగలడా? శారిపుత్రునంతటి ప్రాజ్ఞుడు కూడా ఈ మూడవ విషయంలో కఠినంగానే ఆలోచించాడు. బుద్ధుడు సరిదిద్దవలసి వచ్చింది.