ఆటకూ ఒక హాజరు పట్టీ

మన పావగడ బడుల్లో రోజూ హాజరు వేస్తాం. వీడియో ఆటలు ఆడేవారికీ అలాంటి పట్టీ ఒకటుంది.

1972లో అమెరికాలోని సన్నీవేల్ ఊళ్ళో, ఒక మద్యశాలలో, అటారీ కంపెనీవారు 'పాంగ్' అనే ఆటయంత్రం పెట్టారు. కొన్నాళ్ళకే అది మొరాయించింది. విప్పి చూస్తే నాణేల డబ్బా నిండిపోయి ఉంది! ఆనాడు ఆట ఎంత నచ్చిందో చెప్పే కొలత ఆ నాణేలే.

2009లో జింగా కంపెనీ ఫేస్‌బుక్‌లో 'ఫార్మ్‌విల్' తెచ్చింది. కంప్యూటర్‌లోనే సేద్యం. వేళకు వచ్చి కోయకుంటే పైరు ఎండిపోతుంది. మన శెనక్కాయ రైతు వానకు భయపడతాడు. అక్కడి రైతు గడియారానికి భయపడ్డాడు. 2010లో నెలకు 8 కోట్లమందికి పైగా ఆడారు. అదే సంవత్సరం జింగా బెంగళూరులో కార్యాలయం తెరిచింది. 2020 డిసెంబరు 31న ఫేస్‌బుక్‌లో ఆ ఆట మూతపడింది. లెక్క మాత్రం నిలిచింది.

ఆ లెక్క ఇది: ఈరోజు చేరిన నూరుమందిలో రేపు ఎందరు తిరిగి వచ్చారు? ఏడోనాడు, ముప్పయ్యోనాడు ఎందరు? అంకె తగ్గితే ఆటనే మారుస్తారు.

అయితే హాజరు పట్టీ, పిల్లవాడు వచ్చాడని చెబుతుంది, నేర్చుకున్నాడని చెప్పదు. ఈ లెక్కా అంతే. వచ్చినవాడికి ఏం మిగిలిందో ఇంట్లో మనమే అడగాలి.