మోటారు పందెముల ముహూర్తములు

పందెము ఏ ఊర జరుగునో ఆ ఊరి పొద్దే దాని వేళను నిర్ణయించుట మొదటి నాళ్ల ఆచారము. 1950 మే 13వ తేదీన ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో, ఆరవ జార్జి రాజు సమక్షమున, ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్పు తొలి పందెము జరిగిన నాడు, దేశాంతరములలో ఇండ్లయందు కూర్చుండి అదే క్షణమున దానిని చూడగోరువారి వేళలను లెక్కింపవలసిన అగత్యము నిర్వాహకులకు లేకుండెను. భోజనములు ముగించుకొని జనులు చేరునప్పటికి కార్లు బయలుదేరి, వెలుతురుండగనే గమ్యము చేరిన చాలును.

పిదప టెలివిజన్ ప్రసారములు రాగా, వెలుతురునకును ప్రసారమునకును కలిగిన పోరులలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1976 అక్టోబరు 24న జపానులో, ఫూజి పర్వత పాదమున సంభవించెను. ఆ సంవత్సరమునకు కడపటి పందెమది. నిక్కీ లౌడా జేమ్స్ హంట్ కంటె మూడు పాయింట్లు మాత్రమే ముందుండెను. కుండపోత వాన, పొగమంచు. త్రోవ కనబడుట లేదని డ్రైవర్లు మొరలిడుచుండిరి. కాని ఉపగ్రహము ద్వారా దూరదేశములకు ప్రసారము ఏర్పాటై యుండెను, అక్టోబరు పొద్దు త్వరగా క్రుంకునది. కనుక గంటన్నర దాటిన ఆలస్యముతో, నేల నీరు ఇంకకమునుపే, కార్లను విడిచిరి. అంతకు మునుపు మూడు నెలలలోపున అగ్నిప్రమాదమున కనురెప్పలు కాలిన లౌడా రెండు చుట్లు తిరిగి, గ్యారేజి ముంగిట కారు నిలిపి దిగిపోయెను. హంట్ మూడవ స్థానమున వచ్చి, ఒక్క పాయింటు ఆధిక్యముతో ఛాంపియనాయెను.

ఆ మీదట ఈ క్రీడకు వాణిజ్యాధిపతియైన బెర్నీ ఎకిల్‌స్టన్ టెలివిజన్ హక్కులే దీనికి ప్రాణాధారమని ఎరిగిన మనిషి. యూరపు ప్రేక్షకులకు ఆస్ట్రేలియా, ఆసియా పందెములు నిద్రవేళ పడుచుండెను: 2008లో మెల్‌బోర్న్ పందెము అచటి మధ్యాహ్నము మూడున్నరకు మొదలుకాగా లండనున తెల్లవారుజాము నాలుగున్నర. దీపముల క్రింద రాత్రి నడుపుడని ఆయన పట్టుబట్టెను. మెల్‌బోర్న్ ఒప్పుకొనక సాయంకాలము ఐదు గంటలకు రాజీపడెను. మగపెండ్లివారి రైలు వేళనుబట్టి ముహూర్తము జరిపినట్లాయెను. 2009 మార్చి 29న, యూరపు గడియారములు వేసవికై గంట ముందుకు జరిగిన ఆదివారముననే, ఆ పందెము నడిచెను; వాలుపొద్దు సూటిగా కన్నులలో పడుచున్నదని డ్రైవర్లు గొణిగిరి. వారము తిరుగునప్పటికి మలేషియాలోని సెపాంగ్‌లో ఆ గొణుగుడు ప్రహసనమాయెను. సాయంకాలపు ఉరుముల వాన ఆ నేలకు పరిపాటియని తెలిసియు ఐదింటికే ఆరంభించిరి. వాన రానే వచ్చెను. ఇంచుమించు గంటసేపు కార్లు ట్రాకు మీద తడిసి నిలువగా, చీకటి పడి, 56 చుట్లలో 31 మాత్రమే లెక్కకు వచ్చి, సగము పాయింట్లే పంచిరి. ఆ నడుమ కిమి రైకోనెన్ గ్యారేజిలో నిలిచి ఐస్‌క్రీము తినుచుండుట లోకమెల్ల చూచెను. యూరపు సౌకర్యమునకై పెట్టిన ముహూర్తము ఆనాడు యూరపువారికి చూపగలిగిన ముఖ్య దృశ్యమది.

సింగపూరు మాత్రము సూర్యుని ప్రసక్తియే లేకుండ చేసెను. 2008 సెప్టెంబరు 28న మరీనా బే వీథులలో, ఇంచుమించు 1,500 దీపముల వెలుగున, రాత్రి ఎనిమిదింటికి ఫార్ములా వన్ తొలి రాత్రి పందెము నడిచెను. లండనున అప్పుడు పగలు ఒంటిగంట. పందెపు వేళనే కాక మనుష్యులను సైతము యూరపు గడియారమున నిలిపియుంచుట ఇచ్చటి విశేషము. జట్లవారు ఆసియాలో దిగియు తమ నిద్రాహారములను మార్చరు. తెల్లవారబోవునపుడు పడుకొని, దళసరి తెరలతో వెలుతురును కప్పి, మధ్యాహ్నమునకు లేచి, ఊరివారు తేనీటికి కూర్చుండు వేళ ఉదయఫలాహారము చేయుదురు. దేశకాలములను ఇంత శ్రద్ధతో ధిక్కరించు వృత్తి మరియొకటి కలదో లేదో.

మన దేశమున ఈ లెక్కకు ఒక చిక్కు అధికము. కాకినాడ చేరువగా పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము మన కాలమునకు ఆధారమగుటచే గ్రీనిచ్ కంటె ఐదున్నర గంటలు ముందుందుము. ఆ అర వలన వ్రేళ్లపై లెక్కించువాడు తడబడక మానడు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్‌లో 2011 మొదలు 2013 వరకు జరిగిన మూడు పందెములును అక్టోబరు కడపటి ఆదివారముననే, మధ్యాహ్నము మూడింటికి పడినవి. యూరపు గడియారములు గంట వెనుకకు పోవునదియు ఆ దినముననే. శనివారము ప్యారిస్‌కును ఢిల్లీకిని మూడున్నర గంటల భేదము, తెల్లవారునప్పటికి నాలుగున్నర. శనివారపు లెక్కను నమ్మి పదకొండున్నరకు టెలివిజన్ పెట్టిన ప్యారిస్ వాసికి పందెములో మొదటి గంట దక్కదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుస్సేన్ సాగరు ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ పందెమును సైతము మూడింటికే పెట్టిరి. ఫిబ్రవరి యగుటచే గడియారములు మారు చిక్కు లేకపోయెను.

2014 అక్టోబరు 5న జపానులోని సుజుకాలో, తుపాను సమీపించుచుండగా మూడు గంటలకు మొదలిడిన పందెమున, వానలో, తరుగుచున్న వెలుతురులో జూల్ బియాంకి కారు దారి తప్పి, మరియొక కారును తొలగించుచున్న యంత్రమునకు గుద్దుకొనెను. ఆ గాయములతో ఆ యువకుడు మరుసటి జూలైలో మరణించెను. రాత్రి పందెములు తప్ప తక్కినవి సూర్యాస్తమయమునకు కనీసము నాలుగు గంటల ముందు ఆరంభము కావలెనన్నది ఆ ప్రమాదమును పరిశీలించిన విచారణ సంఘపు సిఫారసులలో ఒకటి. 2015లో మెల్‌బోర్న్, సెపాంగ్, సుజుకా వేళలు ఒక్కొక్క గంట పెందలకడకు జరిగినవి. ఫూజి నాటినుండి ఈపాటి వివేకమునకు ముప్పదియెనిమిదేండ్లు పట్టినది.

2017లో యాజమాన్యము లిబర్టీ మీడియా యను అమెరికను సంస్థకు చేరిన పిదప మొగ్గు పడమటికి తిరిగెను. 2023 నవంబరు 18, శనివారము, లాస్ వేగాస్ వీథులలో రాత్రి పదింటికి పందెము పెట్టిరి. లండనున అది ఆదివారము ఉదయము ఆరు. అంతకు రెండు దినముల ముందు, తొలి సాధనలో పది నిమిషములైనను గడవకమునుపే, దారిలోని ఇనుప మూత లేచి కార్లోస్ సైన్జ్ కారు అడుగును చీల్చగా, రెండవ సాధన తెల్లవారుజాము రెండున్నరకు, ప్రేక్షకులను పంపివేసిన పిమ్మట సాగెను. 2025లో ఆ పందెమును రాత్రి ఎనిమిదింటికి తెచ్చిరి. న్యూయార్కు వాసికి అది పదకొండు. అర్ధరాత్రి దాటువరకు వేచియుండవలసిన పని తప్పెను. లండను అభిమాని మాత్రము తెల్లవారుజామున నాలుగింటికి మేల్కొనవలసినవాడాయెను. మనకు ఆదివారము ఉదయము తొమ్మిదిన్నర, ఇడ్లీ పళ్లెముతో కూర్చుండుటకు అనువైన వేళ.