సామర్లకోట ఆకు నుంచి చోళమండలం గీత దాకా

1781లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు సామర్లకోటలో కాపురం పెట్టాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. వైద్యం కంటే మొక్కల మీదే మక్కువ ఎక్కువ. మిరియాలు, నీలిమందు, చెరకు, పట్టుపురుగులు అంటూ కంపెనీకి లాభం తెచ్చే ప్రయోగాలు చేస్తూనే, చుట్టుపక్కల అడవుల్లో, చేలగట్ల మీద దొరికిన ప్రతి మొక్కకూ బొమ్మ గీయించేవాడు. గీసింది మాత్రం ఆయన కాదు, ఇక్కడి చిత్రకారులే. ఆయన దొరతనం కింద తయారైన మొక్కల బొమ్మలు మొత్తం 2,500కు పైమాటే. వాటిలోంచి 300 ఏరి, లండన్‌లో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా కోరమాండల్ తీరపు మొక్కల పేరిట అచ్చు వేశారు. రాక్స్‌బర్గ్ పేరు వృక్షశాస్త్రంలో స్థిరపడింది. బొమ్మలు వేసినవాళ్ల పేర్లు ఆ పుస్తకానికి ఎక్కలేదు.

ఈ బొమ్మల్ని అందరూ ‘ఉన్నది ఉన్నట్టు’ గీసినవిగా చెప్పుకుంటారు. ఆ మాట సగమే నిజం. ఒక ఫలకాన్ని దగ్గరగా పెట్టుకుని చూడండి. తెల్లకాగితం నడుమ కొమ్మ నిలబడి ఉంటుంది. కింద నేల లేదు, వెనక ఆకాశం లేదు, ఆకు నీడ పక్క ఆకు మీద పడదు. మొగ్గ, పువ్వు, కాయ, గింజ వేరువేరు నెలల్లో వచ్చేవి ఒకే కొమ్మకు కనిపిస్తాయి. అడుగున, అసలు పువ్వు కంటే పెద్దవిగా, కేసరాలూ అండాశయం అడ్డకోతా విడివిడిగా ఉంటాయి. కొమ్మ కాగితంలో పట్టకపోతే దాన్ని తుంచి పక్కన వేస్తారు. తీగ అయితే మడత పెడతారు. అలాంటి మొక్క ఏ చేలోనూ మొలవదు. ఎన్నో మొక్కల్ని చూసి, వాటిలో శాస్త్రానికి పనికొచ్చేదాన్ని మాత్రమే తీసుకుని, మిగతాదంతా వదిలేసి కట్టిన రూపం అది. నైరూప్యం వైపు మొదటి అడుగు ఇక్కడే పడిందంటే వృక్షశాస్త్రజ్ఞులు ఒప్పుకోకపోవచ్చు గానీ, వదిలేయడం తెలియని చేతికి ఆ ఫలకం రాదు.

ఆ తర్వాతి తరంలో చిత్రకారులకు కొంచెం మర్యాద దక్కింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన మరో స్కాట్లండ్ డాక్టరు రాబర్ట్ వైట్. రంగయ్య, గోవిందు అనే ఇద్దరు ఆయన దగ్గర వరసగా బొమ్మలు వేశారు. 1838 నుంచి 1853 దాకా వెలువడిన ఆయన ఆరు సంపుటాల గ్రంథంలో 2,101 ఫలకాలున్నాయి. చాలా ఫలకాల మూలన, గీసింది రంగయ్య అనో గోవిందు అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంతేకాదు, 1853లో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరే పెట్టాడు: గోవిందూయియా. తర్వాతి శాస్త్రజ్ఞులు ఆ మొక్కను వేరే ప్రజాతిలో కలిపేశారు, పేరు వాడుకలోంచి పోయింది. అయినా బొమ్మ గీసిన భారతీయుడి పేరు మొక్కకు పెట్టాలని ఆ కాలపు దొరకు తట్టడమే విశేషం.

మద్రాసులో చిత్రకళాశాల పుట్టడం వెనక కూడా డాక్టరే ఉన్నాడు. అలెగ్జాండర్ హంటర్ 1850లో సొంతంగా బడి పెడితే, తర్వాత దాన్ని ప్రభుత్వం తీసుకుంది. పనివాళ్లకు చేతిపని మెరుగుపరచడమే అప్పటి ధ్యేయం. కుండకూ బట్టకూ నగిషీ చెక్కడానికి పనికొచ్చేలా ఆకులూ పువ్వులూ గీయించేవారు. ఏళ్ల తరబడి అదే సాగింది.

1929లో దేవీప్రసాద్ రాయ్ చౌదరి ఆ కళాశాల అధిపతి అయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. మెరీనా తీరాన బండను కదిలిస్తున్న కూలీల విగ్రహం చూసినవాళ్లకు ఆయన పద్ధతి చెప్పనక్కర్లేదు. కండ, ఎముక, బరువు ఉన్నచోటే ఉండాలి. 1936లో ఆయన దగ్గర చేరిన విద్యార్థుల్లో పాతికేళ్ల కె.సి.ఎస్. పణిక్కర్ ఒకరు. అప్పటికే ఇంటి భారం మోయడానికి టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసి వచ్చినవాడు. చిన్నప్పటి నుంచీ నీటిరంగుల్లో కేరళ కాలువలూ కొబ్బరిచెట్లూ వేసినవాడు. 1944లో తోటి చిత్రకారులతో కలిసి ప్రోగ్రెసివ్ పెయింటర్స్ అసోసియేషన్ పెట్టాడు. 1957లో గురువు స్థానంలోకే వచ్చాడు.

పణిక్కర్ ఒక్కసారిగా మారలేదు. ముందు ప్రకృతి దృశ్యాలు, తర్వాత ముదురు రంగుల్లో మనుషులు, 1950ల్లో తోటల వరస. ఆ తోటల్లో చెట్టూ మనిషీ ఇంకా గుర్తుపట్టేలానే ఉంటారు. 1963లో మొదలైన ‘వర్డ్స్ అండ్ సింబల్స్’ వరసతో లెక్క మారింది. లెక్కల నోటుపుస్తకంలో ఒక పేజీ చూసి ఆ ఆలోచన వచ్చిందంటారు. కాన్వాసు నిండా సన్నని రాత. దూరం నుంచి మలయాళంలా ఉంటుంది, దగ్గరికెళ్తే ఒక్క మాట కూడా చదవలేం. మధ్యమధ్య జాతకచక్రం గళ్లు, బీజగణితం గుర్తులు, ఒక చేప, ఒక పక్షి. పైనా కిందా తేడా చెప్పే దిగంతరేఖ లేదు. ఇంత చేసినా చెయ్యి మాత్రం కాలువలు గీసిన చెయ్యే. గీత ఎక్కడా వణకదు.

రాక్స్‌బర్గ్ ఫలకానికీ పణిక్కర్ కాన్వాసుకూ చుట్టరికం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. పణిక్కర్ ఆ ఫలకాల వైపు చూశాడనడానికి ఆధారం కూడా లేదు. కానీ రెండూ నేలనూ నీడనూ వదిలేసి గుర్తునే నిలబెట్టాయి. ఒకటి శాస్త్రం కోసం, రెండోది చూపు కోసం. పడమటి నైరూప్యం దారి ఒకటే దారి అనుకునేవాళ్లు ఈ సంగతి కాస్త ఆలోచించాలి.

ఇక పొట్ట సంగతి. కళాశాల వదిలిన పిల్లలకు ఉద్యోగాల్లేవు, నైరూప్య చిత్రాలు కొనేవాళ్లు అసలే లేరు. అందుకని బాతిక్ బట్టలు, చేతిపనుల సరుకు అమ్మి, ఆ డబ్బుతో మద్రాసు శివార్లలో ఇంజంబాక్కం దగ్గర భూమి కొన్నారు. 1966లో అక్కడ చోళమండలం చిత్రకారుల గ్రామం వెలిసింది. నగిషీ పని నేర్పడానికి పుట్టిన బడి పిల్లలు, నగిషీ పనే అమ్ముకుని నైరూప్యానికి చోటు సంపాదించుకున్నారు.

పణిక్కర్ శిష్యుల్లో గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు 1962లో కామన్వెల్త్ ఫెలోషిప్ మీద లండన్ వెళ్లి, ఆ తర్వాత షికాగోలో స్థిరపడి, నైరూప్య చిత్రకారుడిగా 2001లో పద్మశ్రీ అందుకున్నారు. అందరూ ఈ దారినే నడవలేదు. మధిరలో పుట్టి హైదరాబాదులో స్థిరపడిన సూర్యప్రకాశ్ తుప్పుపట్టిన పాత కార్ల చిత్రాలతో పేరు తెచ్చుకుని, తర్వాత ఆకుల్లోకీ నీళ్లలోకీ వెళ్లారు. చెట్టు నుంచి గీతకు వెళ్లినవాళ్లను మెచ్చుకునే విమర్శకులు, ఇలా తిరిగి వచ్చినవాళ్లను వెనకబడ్డవాళ్లు అనుకోవడం అన్యాయం.

పణిక్కర్, ఆయన శిష్యుల తరం పనిని మద్రాసు ఉద్యమం అంటారు; ఆ చిత్రాల మ్యూజియం చోళమండలంలో ఉంది. చెన్నై వెళ్లినప్పుడు ఒక పూట దానికి కేటాయించండి. వైట్ సంపుటాలకు అంత ప్రయాణం కూడా అక్కర్లేదు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెరిచినప్పుడు ఫలకం మూలన రంగయ్య, గోవిందుల పేర్లు వెతకడం మరవకండి.