స్టాండు లేని రాత్రులు

అల్ నహ్దాలో ఫొటోలకు చిక్కే వేళ రాత్రే. పగలంతా ఆఫీసు, ఏడాదిలో సగం రోజులు బయట నిలబడనివ్వని ఎండ. దుబాయ్, షార్జాల సరిహద్దు ఈ పేట మధ్యగా పోతుంది. చీకటి పడ్డాక రెండు వైపులా జనం రోడ్లెక్కుతారు. కరక్ చాయ్ కోసం ఆగినవాళ్లు, డెలివరీ బైకుల కుర్రాళ్లు, డ్యూటీ దిగి బస్సు కోసం చూసేవాళ్లు. అక్కడ ట్రైపాడ్ వేస్తే దారికి అడ్డం. పైగా దాన్ని చూడగానే మనుషులు సర్దుకుని నిలబడతారు. మరి చేత్తోనే, చెదరకుండా తీయడం ఎలా? ఈ ప్రశ్నకు వందేళ్ల చరిత్ర ఉంది.

మన హైదరాబాదులో ఆరో నిజాం కొలువు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) వాడింది పెద్ద చెక్క కెమెరా, గాజు పలకలు. పగటి వెలుగులో వాటికి తిరుగులేదు. దీపాల వెలుగులో మాత్రం చాలాసేపు కదలకుండా ఉండాలి. అందుకే రాత్రి ఫొటో అంటే స్టాండే.

1930ల మొదట్లో పారిస్ రాత్రుల్ని తీసిన బ్రస్సాయ్‌దీ అదే పద్ధతి. కెమెరాను స్టాండు మీద పెట్టి, సిగరెట్టు కాలేదాకా ఎక్స్‌పోజర్ ఇచ్చేవాడట. ఆయన రాత్రుల్లోని మనుషుల్లో చాలామంది, తమను ఫొటో తీస్తున్నారని తెలిసి నిలబడ్డవాళ్లే.

అంతకు ముందే జర్మనీలో 1924లో ఎర్మనాక్స్ వచ్చింది. దాని లెన్స్ ఎఫ్/2. అంటే చీకటి గదిలోకి పెద్ద కిటికీ తెరిచినట్టు. ఎరిక్ సాలమన్ 1928లో దాన్ని టోపీలో దాచి కోర్టు విచారణను ఫొటో తీశాడు. 1954లో 35 మిల్లీమీటర్ల కెమెరాలకు కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్ము రావడంతో, తక్కువ వెలుగులో చేత్తో తీయడం మామూలు విలేకరికీ అందింది.

అప్పటి చేతి లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 50 ఎంఎం లెన్సుకు సెకనులో 50వ వంతు కంటే నెమ్మదిగా వెళ్లొద్దు. 1995లో కెనాన్ తన ఎస్సెల్లార్ లెన్సులో వణుకును సర్దే అద్దాలు పెట్టాక ఆ హద్దు సడలింది. 2018లో గూగుల్ నైట్ సైట్ మరో దారి పట్టింది. ఒక పెద్ద ఎక్స్‌పోజర్ బదులు 15 దాకా చిన్న ఫ్రేములు తీసి, ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చి సగటు తీస్తుంది. ఇంజినీరింగు చదివినవాళ్లకు ఈ లెక్క తెలిసిందే: తొమ్మిది ఫ్రేముల సగటులో గరుకు మూడో వంతుకు పడిపోతుంది.

అయితే ఈ ఉపాయాలన్నీ మన చేతి వణుకునే ఆపుతాయి, ఎదుటివాడి నడకను ఆపవు. నడిచే మనిషి స్పష్టంగా రావాలంటే షట్టర్ వేగం పెంచాల్సిందే, ఐఎస్ఓ పెరిగి వచ్చే గరుకును ఒప్పుకోవాల్సిందే. భవనాలకైతే గోడకు భుజం ఆనించి, మోచేతులు పక్కటెముకలకు నొక్కి, ఊపిరి సగం వదిలాక మీట నొక్కితే చాలు. రెండు సెకన్ల టైమర్ పెడితే వేలి కుదుపూ ఉండదు.

ఈ చరిత్రలో నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. బ్రస్సాయ్ కెమెరాకు అంత సమయం పట్టేది కాబట్టి మనుషుల ఒప్పుదల తీసుకోక తప్పేది కాదు. నా ఫోనుకు ఆ అవసరం లేదు. ఈ దేశంలో అనుమతి లేకుండా ఇతరుల ఫొటో తీయడం నేరం. చట్టం లేకపోయినా, పన్నెండు గంటల డ్యూటీ చేసి మెట్ల మీద కునుకు తీసే మనిషిని అడక్కుండా తీసే హక్కు నాకెక్కడిది? అందుకే ముందు పలకరిస్తాను. కొందరు వద్దంటారు. మరికొందరు జుట్టు దువ్వుకుని, తీసిన ఫొటో వాట్సాప్‌లో ఇంటికి పంపమంటారు.